స్కూల్లో సగం మంది లాటినో పిల్లలు, బోర్డు మీటింగ్‌లో మాత్రం వాళ్ల పేరెంట్స్ ఒక్కరూ మాట్లాడరు. ఎక్కడ మొదలుపెట్టాలి?

లావణ్య_టెక్సాస్

అందరికీ నమస్తే. మేం డాలస్ పక్కన ఒక సబర్బ్‌లో ఉంటాం. మా బాబు వెళ్లే ఎలిమెంటరీ స్కూల్లో సగానికి పైగా లాటినో (మెక్సికో లాంటి లాటిన్ అమెరికా దేశాల మూలాలున్న) కుటుంబాల పిల్లలు, తర్వాత మనవాళ్లు, మిగతావాళ్లు కొద్దిమంది. పిల్లలు తగ్గిపోతున్నారని, ఇక్కడి స్కూళ్లని నడిపే డిస్ట్రిక్ట్ వాళ్లు కొన్ని స్కూళ్లు మూసేద్దామని చూస్తున్నారు, ఆ లిస్టులో మాదీ ఉంది. మూస్తే పిల్లలు హైవే అవతల ఉన్న స్కూలుకి వెళ్లాలి. మాలాంటివాళ్లకి కార్లున్నాయి, ఆఫీసుకి పోతూ దింపేస్తాం. ఎదురుగా ఉన్న అపార్ట్‌మెంట్ల నుంచి చంటిపిల్లని స్ట్రోలర్‌లో తోసుకుంటూ, పెద్దాణ్ణి చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చే తల్లులున్నారే, దెబ్బ పడేది వాళ్లకి.

మొన్న ఆ డిస్ట్రిక్ట్ స్కూల్ బోర్డు మీటింగ్‌లో మాట్లాడింది మా పీటీఏ (తల్లిదండ్రులు, టీచర్ల సంఘం) వాళ్లం, ఇంకొందరు తెల్లవాళ్లు, అంతే. పీటీఏలో అడిగితే "స్పానిష్‌లో ఫ్లయర్ పంపించాం కదా, రాకపోతే మనమేం చేస్తాం, వాళ్లకి ఇంట్రెస్ట్ లేదు" అంటున్నారు. నాకిది నమ్మబుద్ధి కావట్లేదు. ఆ తల్లుల్లో ఎల్ సాల్వడార్ నుంచి వచ్చిన ఒకావిడ ఉంది. ఎవరి పిల్లాడికి జ్వరం వచ్చినా, అపార్ట్‌మెంట్ మేనేజర్‌తో అద్దె గొడవ వచ్చినా అందరూ స్కూలు గేటు దగ్గర ఆవిడ చుట్టూ చేరతారు. అంత మంది మాట వినే మనిషి ఉన్నప్పుడు ఇంట్రెస్ట్ లేదని ఎలా అంటాం? మా సిటీ కౌన్సిల్లో కూడా అంతే, ఊళ్లో ఇంత మంది లాటినోలున్నా కౌన్సిల్లో ఒక్కరు లేరు.

ఇలాంటి చోట్ల వాళ్లలోంచి నాయకులు ఎలా వచ్చారో, మీ ఊళ్లో ఏం పనిచేసిందో తెలిస్తే చెప్పండి. సిటిజన్‌షిప్ లేనివాళ్లు మీటింగ్‌లో మాట్లాడొచ్చా అన్నది కూడా. కొందరు భయపడుతున్నారేమో అని నా అనుమానం.

రమణ_శాన్‌ఆంటోనియో

లావణ్య గారూ, మీ ప్రశ్నకి జవాబు మా ఊరి చరిత్రలో ఉంది, కాస్త పొడుగ్గా చెప్తాను.

శాన్ ఆంటోనియో వెస్ట్ సైడ్ అంటే మెక్సికన్ అమెరికన్ల పేట. 1970ల దాకా గట్టి వాన పడితే వీధులు కాలువలయ్యేవి, ఇళ్లలోకి నీళ్లొచ్చేవి, పిల్లలు మోకాలి లోతు బురదలో స్కూలుకి పోయేవాళ్లు. డ్రైనేజీ పనులు కాగితం మీద దశాబ్దాలుగా ఉన్నాయి, డబ్బు మాత్రం ఊరికి ఉత్తరాన కొత్తగా లేస్తున్న కాలనీలకి పోయేది. జనాభాలో సగం దాకా మెక్సికన్ అమెరికన్లే అయినా కౌన్సిల్‌ని ఊరంతా కలిసి ఎన్నుకునే పద్ధతి కాబట్టి, డబ్బున్నవాళ్ల ప్యానెల్ ఎవర్ని నిలబెడితే వాళ్లే గెలిచేవాళ్లు.

1970ల మొదట్లో ఎర్నెస్టో కోర్టెస్ అనే అతను, ఈ ఊరివాడే, చికాగోలో ఆర్గనైజింగ్, అంటే జనాన్ని కూడగట్టే పని, నేర్చుకుని తిరిగొచ్చాడు. వచ్చి సభలతో మొదలుపెట్టలేదు. చర్చిల చుట్టూ తిరుగుతూ ఒక్కొక్కరితో కూర్చుని "మీకున్న ఇబ్బందేంటి" అని అడిగాడు, విన్నాడు. అతను వెతికింది మైకు పట్టుకుని మాట్లాడేవాళ్ల కోసం కాదు. చర్చి పండగకి వంటలు ఎవరు చేయిస్తారు, పీటీఏ లెక్కలు ఎవరు చూస్తారు, పక్కింట్లో చావైతే ఎవరు ముందు వెళ్తారు, అలాంటి మనుషుల కోసం. వాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. మీరు చెప్పిన సాల్వడార్ ఆవిడలాంటివాళ్లే అచ్చంగా.

అతను వెళ్లేటప్పుడు జనం పోలీసుల గురించో వివక్ష గురించో మాట్లాడతారని చాలామంది అనుకున్నారు. వాళ్లు చెప్పింది మురుగునీళ్ల గురించి. దాంతోనే మొదలుపెట్టారు. 1974లో చర్చిలన్నీ కలిసి కాప్స్ అనే సంఘం ఏర్పడింది. ఆ తల్లులే సిటీ ఆఫీసుకి వెళ్లి బడ్జెట్ కాగితాలు తీయించి, ఏ కాలువ పని ఏ సంవత్సరం నుంచి ఆగిపోయిందో వరసగా రాసుకున్నారు. ఆ ఆగస్టులో వరదలొచ్చాక సిటీ మేనేజర్‌ని ఒక హైస్కూలుకి పిలిచి, వందల మంది ముందు ఆ కాగితాలు పెట్టి అడిగారు. నెలల్లోనే డ్రైనేజీకి బాండ్ డబ్బు (సిటీ అప్పుగా తెచ్చేది) వచ్చింది. మరుసటి సంవత్సరం బడ్జెట్ విషయంలో వ్యాపారస్తులు అడ్డం తిరిగితే, వందల మంది ఒకేసారి డౌన్‌టౌన్‌లో పెద్ద బట్టల షాపుకి పోయి ఏదీ కొనకుండా రోజంతా బట్టలు వేసుకుని చూశారు, ఇంకో రోజు బ్యాంకుకి పోయి డాలర్లని పెన్నీలుగా మార్పించుకుని, మళ్లీ ఆ పెన్నీలని డాలర్లు చేయించుకున్నారు. చట్టం తప్పలేదు, ఎవరినీ ఒక్క మాట అనలేదు, కానీ ఊరంతా వాళ్ల వైపు తిరిగి చూసింది.

1977లో వార్డుల పద్ధతి వచ్చింది, 1981లో హెన్రీ సిస్నెరోస్ మేయర్ అయ్యాడు. అంతకు ముందు ఈ ఊరికి మెక్సికన్ మూలాలున్న మేయర్ 1840లలో హువాన్ సెగిన్, ఆ తర్వాత ఇతనే. అయితే సిస్నెరోస్ కంటే ఆ కాలువలే ముందు వచ్చాయి, ఇది నాకు ముఖ్యమైన సంగతి. చేత్తో ముట్టుకోగల పని ఒకటి గెలిచాకే జనానికి ఎన్నికల మీద నమ్మకం కుదిరింది.

కాప్స్‌లో ఒక గట్టి నియమం ఉండేది: వాళ్లు చేసుకోగలిగే పని మీరు చేసిపెట్టొద్దు. కాబట్టి మీరు వాళ్ల తరఫున మాట్లాడటం ఆపి, ఆ సాల్వడార్ ఆవిడ ఇంట్లో కూర్చుని వినండి. ఫ్లయర్లకి ఎవరూ రారు అండీ, మనమైనా వెళ్తామా?

శ్రీధర్_ఫ్రిస్కో

లావణ్య గారూ, తప్పుగా అనుకోవద్దు. మనమే గ్రీన్ కార్డు క్యూలో ఏళ్ల తరబడి ఉన్నాం, మనకే ఓటు లేదు. ఉన్న టైమ్‌లో మనవాళ్ల సంగతి చూసుకోకుండా వేరే కమ్యూనిటీకి నాయకత్వం నేర్పించడం మన పనా? పైగా వాళ్లలో చాలామందికి పేపర్లు ఉండవు, రేపేదైనా అయితే మీ పేరే బయటికొస్తుంది. మీ మంచికే చెప్తున్నా, స్కూలు సంగతి పీటీఏతోనే తేల్చుకోండి.

పద్మ_ఇర్వింగ్

శ్రీధర్ గారూ, పేపర్లు ఉండవు అన్న మాట మన వాట్సాప్ గ్రూపుల్లో తిరిగీ తిరిగీ నిజమైపోయింది. అమెరికాలో లాటినోల్లో ప్రతి ఐదుగురిలో దాదాపు నలుగురు ఈ దేశ పౌరులే. 2020 జనాభా లెక్కల్లో వాళ్లు 6.2 కోట్ల మంది, 2024 ఎన్నికల నాటికి ఓటు హక్కు ఉన్నవాళ్లే 3.6 కోట్లు దాటారు. ప్యూర్టో రీకో వాళ్లకి 1917 నుంచీ పౌరసత్వం ఉంది. స్కూల్లో పిల్లలైతే తొంభై శాతం పైగా ఇక్కడే పుట్టినవాళ్లు. ఒకే ఇంట్లో అమ్మకి గ్రీన్ కార్డు, మావయ్యకి ఏమీ లేదు, పిల్లలు సిటిజన్లు, ఇలా కలిసి ఉంటారు. ఆలోచిస్తే మన ఇళ్లలోనూ అంతేగా, హెచ్‌-1బీ అమ్మానాన్న, ఇక్కడ పుట్టిన పిల్లలు.

"మనకేంటి సంబంధం" అన్నారు కాబట్టి మా ఊరి సంగతి చెప్తా. ఇర్వింగ్‌లో ఇన్ని వేల మంది తెలుగువాళ్లం ఉన్నాం, గాంధీ విగ్రహం దగ్గర ఫొటోలు దిగుతాం, కానీ మన కౌన్సిల్ ఎన్నిక ఇప్పుడున్న తీరు ఎలా వచ్చిందో ఎంతమందికి తెలుసు? పూర్వం ప్రతి సీటుకీ ఊరంతా ఓటేసేది. జనాభాలో దాదాపు 40 శాతం లాటినోలు. కానీ వాళ్లలో పిల్లలు ఎక్కువ, పౌరులు కానివాళ్లు కొందరు, కాబట్టి ఓటర్ల లెక్క తీస్తే తగ్గిపోతారు, ఊరంతా ఓటేస్తే ప్రతి సీటులోనూ ఓడిపోతారు. ఒక లాటినో నివాసి కోర్టుకి వెళ్లాడు. ఈ పద్ధతి ఓటు హక్కుల చట్టానికి విరుద్ధమని 2009లో ఫెడరల్ జడ్జి తీర్పిచ్చాడు. అప్పటి నుంచి ఆరు సీట్లకి ఆయా డిస్ట్రిక్టుల వాళ్లే ఓటేస్తారు, ఇండియాలో మన ఊళ్లో వార్డు మెంబర్ని ఆ వార్డు వాళ్లు ఎన్నుకున్నట్టే. మిగతా రెండు సీట్లకీ మేయర్‌కీ ఊరంతా. ఆ మార్పు వల్ల డబ్బు లేని మనిషి కూడా నాలుగు వీధులు కాలినడకన తిరిగి పోటీ చేయొచ్చు, రేపు మన పిల్లలు నిలబడినా అంతే.

పక్కనే ఫార్మర్స్ బ్రాంచ్ అనే ఊరు ఉంది. 2006లో అక్కడి కౌన్సిల్, పేపర్లు లేనివాళ్లకి ఇళ్లు అద్దెకివ్వకూడదని చట్టం చేసింది. ఏళ్ల తరబడి కేసులు నడిచాయి, లాయర్లకే సిటీ డబ్బు మిలియన్లు పోయాయి, చివరికి ఆ చట్టం చెల్లలేదు. అక్కడ కూడా కౌన్సిల్ సీట్లన్నిటికీ ఊరంతా ఓటేసే పద్ధతే ఉండేది. 2012లో కోర్టు దాన్ని తప్పుపట్టింది, 2013లో ఆనా రేయెస్ గెలిచి ఆ కౌన్సిల్లో మొదటి లాటినా అయ్యింది. అద్దె చట్టం చేసిన నాడే అలాంటి మనిషి ఒకరు లోపల ఉండి ఉంటే ఆ ఊరికి అంత డబ్బు, అంత పరువు పోయేవా అని నాకు బాధేస్తుంది.

లావణ్యా, మీ సిటీలో సీట్లకి ఎవరు ఓటేస్తారో ముందు చూడు. సిటీ వెబ్‌సైట్లోనే ఉంటుంది. స్కూల్ బోర్డుది కూడా విడిగా చూడు, రెండూ ఒకేలా ఉండాలని లేదు.

వినీల_సియాటిల్

పద్మక్క చెప్పినదానికి మా స్టేట్ నుంచి ఒక ఉదాహరణ. వాషింగ్టన్ రాష్ట్రంలో యాకిమా అని యాపిల్ తోటల ఊరు. 2010 లెక్కల్లో 41 శాతం లాటినోలు, తోటల్లో, ప్యాకింగ్ షెడ్లలో పనంతా వాళ్లదే. అక్కడ ఊరంతా ఓటేసే ఎన్నికల పద్ధతి మొదలైన దగ్గర్నుంచి 37 ఏళ్లలో కౌన్సిల్‌కి ఒక్క లాటినో గెలవలేదు. 2014లో కోర్టు ఆ పద్ధతిని తప్పుపట్టింది, 2015 మొదట్లో ఏడు డిస్ట్రిక్టులు చేయమంది, ఆ నవంబర్లో ముగ్గురు లాటినా మహిళలు ఒకేసారి గెలిచారు. ముప్ఫై ఏడేళ్లలో సున్నా, ఒక్క ఎన్నికలో ముగ్గురు! సమర్థులు లేక కాదన్నమాట.

కానీ కేసు వేస్తే సరిపోతుందనుకోవద్దు. ఒకటి, ఆ కేసులన్నీ ఆధారపడింది ఓటు హక్కుల చట్టంలో, జాతి, రంగు వల్ల ఓటు బలం తగ్గకూడదనే సెక్షన్ 2 మీద, దాని మీద పోరాటం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, అప్పుడు తెరుచుకున్న తలుపు ఎప్పటికీ తెరిచే ఉంటుందన్న భరోసా లేదు. రెండు, డిస్ట్రిక్టు గీసినంత మాత్రాన ఓట్లు పడవు. శాన్ ఆంటోనియోకే చెందిన విల్లీ వెలాస్కెజ్ 1974లో ఓటరు నమోదు సంస్థ పెట్టినప్పుడు ఈ రెండింటినీ కలిపే నడిపాడు, ఒక పక్క కోర్టు కేసులు, ఇంకో పక్క ఇంటింటికీ తిరగడం. "సు వోతో ఎస్ సు వోస్", మీ ఓటే మీ గొంతు, అన్న నినాదం వాళ్లదే. ఇంటింటికీ వెళ్లినవాళ్లు వాషింగ్టన్ డీసీ రాజకీయాలు మాట్లాడేవాళ్లు కాదు, మీ వీధికి తారు రోడ్డు ఎందుకు లేదు అని అడిగేవాళ్లు.

కిరణ్_ఆస్టిన్

సిటిజన్‌షిప్ ప్రశ్నకి ఎవరూ సూటిగా చెప్పలేదు కాబట్టి నేను చెప్తా.

బోర్డు మీటింగ్‌లో మాట్లాడటానికి సిటిజన్ కానక్కర్లేదు. పీటీఏ మెంబర్ అవ్వడానికీ అక్కర్లేదు. టెక్సాస్‌లో 2019లో వచ్చిన చట్టం ప్రకారం ఎజెండాలో ఉన్న ఏ విషయం మీదైనా బోర్డు దాన్ని పరిశీలించే ముందుగానీ, పరిశీలించేటప్పుడుగానీ ప్రజల్ని మాట్లాడనివ్వాలి. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. వినేవాళ్లకి ఏకకాలంలో అనువాదం వినిపించే సెట్లు లేనప్పుడు, అనువాదకుడి ద్వారా మాట్లాడేవాళ్లకి మిగతావాళ్ల కంటే కనీసం రెట్టింపు టైమ్ ఇవ్వాలి. మీ బోర్డు మూడు నిమిషాలిస్తే స్పానిష్‌లో మాట్లాడే తల్లికి ఆరు. ఇది దయ కాదు, చట్టం. మీటింగ్‌కి ముందే బోర్డు ఆఫీసుకి ఈమెయిల్ పెట్టి అనువాదకుణ్ణి అడగండి, రాతలో ఉండాలి.

భయం మాత్రం నిజమే, దాన్ని తీసిపారేయొద్దు. సైన్-అప్ షీట్లో పేరు, అడ్రసు అడుగుతారు, వీడియో ఆన్‌లైన్‌లో ఉంటుంది. ఎవరు మాట్లాడాలన్నది వాళ్లే తేల్చుకోవాలి. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లో, ఇక్కడ పుట్టిన పెద్ద పిల్లలో, వాళ్ల చర్చి ఫాదరో మాట్లాడి, మిగతావాళ్లు హాల్లో కూర్చుంటే కూడా బలమే. నిండిన కుర్చీలు బోర్డుకి బాగా కనిపిస్తాయి.

ఓటరు నమోదు జోలికి వెళ్తే ఒక్క విషయం దయచేసి గుర్తుపెట్టుకోండి. సిటిజన్ కానివాళ్ల చేత పొరపాటున కూడా ఆ ఫారం నింపించొద్దు, డిపోర్టేషన్ దాకా పోతుంది. టెక్సాస్‌లో ఫారాలు సేకరించి ఇవ్వాలంటే కౌంటీ దగ్గర డిప్యూటీ రిజిస్ట్రార్‌గా నియామకం కావాలి, దానికి మీరూ సిటిజన్ అయి ఉండాలి. హెచ్‌-1బీలో ఉన్నవాళ్లు ఆ పని పెట్టుకోవద్దు. గ్రీన్ కార్డు వచ్చి ఐదేళ్లయినవాళ్లకి సిటిజన్‌షిప్ అప్లికేషన్ నింపడంలో సాయం చేసే క్లినిక్‌లు పెట్టించడం మంచి పని, నలియో (లాటినో ప్రజాప్రతినిధుల సంఘం) లాంటి సంస్థలు దీనిమీద కూడా ఎన్నో ఏళ్లుగా పనిచేస్తున్నాయి.

ఓటు లేనివాళ్లు నాయకులు కాలేరన్నది తప్పు అభిప్రాయం కూడా. చికాగోలో 1988 చట్టంతో ప్రతి స్కూలుకీ ఎన్నికైన కౌన్సిల్ వచ్చింది. పౌరసత్వం ఉన్నా లేకపోయినా పేరెంట్స్ అందరూ ఓటేయొచ్చు, నిలబడొచ్చు. ప్రిన్సిపాల్‌ని ఎంచుకునేది ఆ కౌన్సిలే! అక్కడ మెక్సికన్ పేటల తల్లులు చాలామంది మొదటిసారి బడ్జెట్ కాగితం చేతిలో పట్టుకున్నది ఆ కౌన్సిళ్లలోనే.

లావణ్య_టెక్సాస్

అందరికీ చాలా థాంక్స్. చూశాను, మా సిటీలో ఇప్పటికీ అన్ని సీట్లకీ ఊరంతా ఓటేసే పద్ధతే. అది పెద్ద పని, తర్వాత చూద్దాం, స్కూలు విషయంలో బోర్డు ఓటింగ్ దగ్గర పడుతోంది. నిన్న సాయంత్రం ఆ సాల్వడార్ ఆవిడతో మాట్లాడాను, నా స్పానిష్ అంతంతమాత్రం, ఆవిడ కూతురు సాయం చేసింది. స్కూలు మూసేస్తారన్న సంగతి ఆవిడకి తెలుసు, ఫ్లయర్ కూడా చూసిందట. "రమ్మన్నారు, కానీ మా అభిప్రాయం ఎవరూ అడగలేదు" అంది. తన ఇంట్లో కూర్చుందాం, నలుగుర్ని పిలుస్తానంది. ఇప్పుడు ఆ రోజు ఏం చేయాలో చెప్పండి, నాకు టెన్షన్‌గా ఉంది. ప్రెజెంటేషన్ ఏమైనా తయారుచేయాలా?

శ్రీధర్ గారూ, మీరు నా గురించి ఆలోచించి చెప్పారని తెలుసు. కానీ ఆ పిల్లలు మా బాబు పక్కన కూర్చునేవాళ్లు, వాళ్లు వేరే కమ్యూనిటీ అని నాకనిపించట్లేదు.

రమణ_శాన్‌ఆంటోనియో

ప్రెజెంటేషన్ వద్దే వద్దమ్మా.

ఇంట్లో మీటింగ్ అనేది పాత పద్ధతే. 1947లో లాస్ ఏంజెలెస్‌లో సీఎస్‌ఓ అనే మెక్సికన్ అమెరికన్ల సంఘం మొదలైంది, దాన్ని కూడగట్టిన ఫ్రెడ్ రాస్ ఇలాగే చేసేవాడు. ఒకరింట్లో ఎనిమిది పదిమంది, కాఫీ, ఎవరి ఇబ్బంది వాళ్లు చెప్పుకోవడం, లేచేముందు "మీలో ఎవరింట్లో వచ్చేవారం పెడదాం" అని అడగడం. ఆ సంఘం లాస్ ఏంజెలెస్‌లో వేలమంది ఓటర్లని నమోదు చేసింది, 1949లో మెక్సికన్ అమెరికన్ అయిన ఎడ్వర్డ్ రోయ్‌బల్ అక్కడి సిటీ కౌన్సిల్‌కి గెలిచాడు. 1952లో శాన్ హోసేలో అలాంటి మీటింగ్ ఒకటి, తర్వాత పొలం కూలీల నాయకుడైన సీజర్ చావెజ్ ఇంట్లో జరిగింది, అప్పటికి అతను కలప డిపోలో కూలీ. అతనితో కలిసి ఆ కూలీల సంఘం పెట్టిన డొలోరెస్ వెర్టా కూడా ఆ సీఎస్‌ఓలో తయారైన మనిషే.

కాబట్టి మీరు చేయాల్సింది తక్కువ. మీటింగ్ ఆవిడే నడపాలి, మీరు కాదు. అనువాదానికి ఆవిడ కూతుర్ని కూర్చోబెట్టొద్దు, పిల్ల అలిసిపోతుంది, పైగా పెద్దవాళ్లు కొన్ని మాటలు పిల్లల ముందు చెప్పలేరు. రెండు భాషలూ వచ్చిన టీచర్ ఎవరైనా ఉంటే అడగండి. చంటిపిల్లల్ని పక్క గదిలో ఆడించే పని మీరు తీసుకోండి, అది నిజంగా పెద్ద సాయం. టైమ్ వాళ్ల షిఫ్టులని బట్టి వాళ్లే చెప్తారు, ఆదివారం మధ్యాహ్నం అంటారేమో చూడండి. కాగితాలు ఎవరి దగ్గరా అడగొద్దు, పేర్లు రాసుకోవద్దు, ఫొటోలు అసలొద్దు.

వాళ్లు స్కూలు గురించి కాకుండా ఇంకేదో చెప్తే ఆపొద్దు. హైవే దాటే సిగ్నల్ గురించో, బస్సు గురించో అంటారు, బోర్డుకి చెప్పాల్సిన అసలు వాదన అందులోనే దొరకొచ్చు. ఎవరి మాటకి మిగతావాళ్లు తలూపుతున్నారో గమనించండి, మైకు దగ్గరికి వెళ్లాల్సింది ఆ మనిషి. వెళ్లేముందు గడియారం పెట్టుకుని ఆవిడ చేత రెండు మూడు సార్లు చెప్పించండి, మాటలు మీరు రాసివ్వకండి.

పద్మ_ఇర్వింగ్

లావణ్యా, ఆదివారమైతే నేనూ వస్తా. నా స్పానిష్ పర్వాలేదు, పిల్లల గదిలో కూర్చుంటా. అడ్రసు ఇక్కడ పెట్టకు, మెసేజ్ చెయ్యి.